స్తంభం వెనుక సీటు

ఓడకు ఉత్తరం ఎటుంటుందో దామోదర్‌కు తెలియదు. అందులో ఆయన తప్పేమీ లేదు, ఓడకే తెలియదు. పొద్దున ఒక దిక్కు, సాయంత్రం ఒక దిక్కు తిరిగే వస్తువు అది. అయినా నాచారంలోని ఆయన ఆఫీసు నుంచి యూరప్‌లో ఉన్న షిప్‌యార్డ్‌కు వెళ్లిన మొట్టమొదటి డ్రాయింగ్‌లో, పైన కుడి మూలన, ఉత్తరం బాణం గుర్తు ముచ్చటగా కూర్చుంది. ఏళ్ల తరబడి ఫంక్షన్ హాళ్లకు ప్లాన్లు గీసిన చేతులు కదా, బాణం లేని ప్లాను వాళ్లకు ఉప్పు లేని పప్పు. అవతలివాళ్లు మర్యాదస్తులు. బాణం పక్కన నవ్వుతున్న ముఖం బొమ్మ ఒకటి పెట్టి డ్రాయింగును తిప్పి పంపారు. దామోదర్ దాన్ని మెచ్చుకోలు అనుకుని ఆఫీసులో అందరికీ మిఠాయి పంచాడు.

బాణాన్ని చెరిపింది అమూల్య. ఆ ఆఫీసులో చెరిపే పనులన్నీ ఆమెకే పడేవి.

దామోదర్ గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. ఉప్పల్ మొదలు ఘట్‌కేసర్ దాకా పెళ్లి చేసుకున్నవాళ్లలో సగం మంది ఆయన గీయించిన స్టేజీ మీద నిలబడి అక్షింతలు వేయించుకున్నవాళ్లే. స్టేజీకి ఒక పక్క ఎక్కే మెట్లు, ఇంకో పక్క దిగే మెట్లు, దిగిన మనిషి తిన్నగా భోజనాల హాల్లోకి పడే తలుపు. ఆశీర్వాదం అయిన మనిషి అన్నం దగ్గరికి ఎంత తొందరగా చేరితే హాలు అంత గొప్పది, ఇదీ ఆయన సిద్ధాంతం. మనిషి చెడ్డవాడు కాదు. పండక్కి బట్టలు పెడతాడు, ఎవరింట్లో కష్టమొచ్చినా ముందుంటాడు. కాకపోతే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పొద్దున ఆఫీసులోకి వస్తూనే ప్రతి బల్ల దగ్గరా ఆగి, "అంతా ఓకేనా?" అని అడుగుతాడు. "ఓకే సార్" అనిపించుకుని ముందుకు పోతాడు. ఇంకో జవాబు ఉండొచ్చన్న అనుమానం ఆయనకెప్పుడూ రాలేదు, ఎవరూ రానివ్వలేదు.

అలాంటి మనిషికి తెలిసినవాళ్ల ద్వారా తెలిసినవాళ్లు ఇప్పించిన పని ఈ ఓడ. వేలమంది సెలవులకని ఎక్కి వారాల తరబడి సముద్రం మీద తిరిగే క్రూయిజ్ షిప్. అందులో రోజూ సాయంత్రం ఆటపాటలు జరిగే పెద్ద థియేటర్. ఆ థియేటర్ లోపలి డ్రాయింగులన్నీ, అంటే కుర్చీల వరుసలు, బాల్కనీ, స్టేజీ ముందు భాగం, నాచారంలో తయారు కావాలి.

అమూల్య చదివింది ఆర్కిటెక్చర్. చిన్నప్పుడు నేర్చుకున్నది కూచిపూడి. ఈ రెండూ ఒకేచోట పనికొచ్చే ఉద్యోగం దొరుకుతుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. పని చేతికొచ్చిన రోజు ఆమె కాళ్లు నేల మీద ఆగలేదు. సముద్రాన్ని విశాఖలో రెండుసార్లు చూసింది తప్ప ఓడ ఎక్కి ఎరగదు, అయినా ఆరు నెలల్లో ఓడ సంగతులన్నీ ఔపోసన పట్టింది. ఊళ్లో హాలుకు కప్పు తక్కువైతే ఇంకో మూడడుగులు లేపుకోవచ్చు, ఓడలో అంగుళం లేవదు, పైన జనం పడుకునే గదులుంటాయి, ఆ పైన ఈతకొలను ఉంటుంది. దీపాలు వేలాడదీస్తే కెరటానికి ఊగుతాయి. కుర్చీలను నేలకు బోల్టులతో బిగించాల్సిందే. తొందరగా అంటుకునే గుడ్డ ఒక్క గజం కూడా లోపలికి రాకూడదు. ఇవన్నీ ఆమె ఇష్టంగానే భరించింది.

భరించలేనివి స్తంభాలు.

హాలు మధ్యలో ఆరు స్తంభాలున్నాయి. పైనున్న గదులనూ కొలనునూ మోసేవి అవే. షిప్‌యార్డ్ ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంటాయి. వాటి వెనకాల మొత్తం ముప్పై నాలుగు కుర్చీలు. ఆ కుర్చీల్లో కూర్చుంటే స్టేజీ రెండు కొసలూ కనబడతాయి, నడిమధ్య కనబడదు. ఆట జరిగేది నడిమధ్యే కదా! ఆ ముప్పై నాలుగూ తీసేయమని అమూల్య గొడవ. తీస్తే ఓడ యజమానులకు లెక్క తప్పుతుంది, రోజుకు రెండు ఆటల్లో ఓడలో ఉన్నవాళ్లందరికీ సీటు దొరకాలన్నది వాళ్ల మాట. అందుకని షిప్‌యార్డ్ తీయనంటుంది, షిప్‌యార్డ్ తీయనంది కాబట్టి దామోదర్ అడగనంటాడు.

ఆమె ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయ్యేది. ఆయన దగ్గర జవాబు ఎప్పుడూ తయారుగా ఉండేది. ఫంక్షన్ హాల్లో స్తంభం అడ్డమొస్తే బంతిపూల దండలు చుట్టిస్తాం, ఫొటోల్లో ఎంత బాగుంటుంది, ఇక్కడా ఏదైనా చుట్టిద్దాం అనేవాడు. చుడితే స్తంభం ఇంకా లావవుతుంది సార్ అంటే నవ్వేవాడు.

"ఓడెక్కినోళ్లు తినెతందుకు, తిరిగెతందుకు పోతరమ్మా. ఆట ఎవడు సూస్తడు? కుర్చీ మెత్తగుంటే సాలు, కునుకు తీస్తరు," అన్నాడొకసారి.

ఆమె మింగలేక కక్కలేక తన బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది. అది చాలదన్నట్టు రోజూ ఇంటి నుంచి బయటపడితే దారంతా స్తంభాలే. ఉప్పల్ డిపో దగ్గర స్కూటీ రోడ్డెక్కింది మొదలు రింగ్ రోడ్డు దాకా, పైవంతెన కోసం నడిరోడ్డు మీద లేచి నిలబడ్డ స్తంభాలు, వాటి చుట్టూ గుంతలు, ఆ గుంతల్లో బస్సులు. ఒకరోజు ట్రాఫిక్‌లో ఇరుక్కుని వాటి వంకే చూస్తూ, "మీరు పాడుగాను" అని పైకే అనేసింది. పక్కన బైకు మీది మనిషి తననే అనుకుని, "సారీ మేడమ్" అని బండి వెనక్కి తీసుకున్నాడు.

స్తంభాల మీద ఇంత కక్ష ఎందుకని ఎవరైనా అడగొచ్చు. కారణం ఉంది. ఆమె తండ్రి రామచంద్రరావు రైల్వేలో సిగ్నల్ డిపార్ట్‌మెంట్. ఆమెకు పదేళ్లున్నప్పుడు రైల్వే కాలనీ హాల్లో కార్యక్రమం పెడితే, ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి నాట్యం చేసింది. పళ్లెం మీద నిలబడి కదలడమంటే మాటలు కాదు, కాలి వేళ్లు ఎర్రగా కందిపోయాయి. దిగీ దిగగానే తండ్రి దగ్గరికి ఉరికి, ఎలా చేశానని అడిగింది.

"మస్తు చేసినవ్ బిడ్డా. నీ కాళ్ల దిక్కే సూసుకుంట కూసున్న," అన్నాడాయన.

కాలేజీలో ఉండగా ఒక పాత హాలు కొలతలు తీసుకురమ్మంటే అమూల్య అదే హాలుకు వెళ్లింది. వెనక వరుసల్లో పాత ఫ్యాను కింద కూర్చున్నానని నాన్న చెబుతుండేవాడు, ఆ హాల్లో పాత ఫ్యాను ఒక్కటే. దాని కింద కూర్చుని చూసింది. ఎదురుగా ఇంత లావు స్తంభం. స్టేజీ మీద పళ్లెం పెట్టిన చోటు అక్కణ్ణించి ఏ జన్మలోనూ కనబడదు. ఇంటికొచ్చి ఆయనకేమీ చెప్పలేదు. ఇప్పటికీ ఎవరైనా చుట్టాలొస్తే ఆయన పళ్లెం మీది నాట్యం గురించి కళ్లకు కట్టినట్టు వర్ణిస్తాడు, ఆమె పక్కనే కూర్చుని తలూపుతుంది.

ముప్పై నాలుగు సీట్ల గొడవ ఎంతకీ తెగకపోయేసరికి అమూల్య తానే షిప్‌యార్డ్‌కు ఒక మెయిల్ రాసింది. అవతల ఈ పని చూసే ఆవిడను ఆఫీసులో అందరూ షిప్‌యార్డ్ మేడమ్ అనేవాళ్లు. ఆవిడ వెంటనే జవాబిచ్చింది. కాగితం మీది గీతలు చూపిస్తే ఓడ యజమానులు వినరు, మనుషులను కూర్చోబెట్టి నాకు చూపించండి, వాళ్లు కనబడటం లేదంటే ఆ మాట పట్టుకుని నేను యజమానులతో మాట్లాడతాను, అని.

అమూల్యకు ఏనుగెక్కినంత సంబరమైంది. దామోదర్ కూడా ఒప్పుకున్నాడు. సీట్ల మీద ప్రేమతో కాదు, హడావిడంటే ఆయనకు ఇష్టం. ఆఫీసు వెనకాల టైల్స్ గోదాముగా పనిచేసిన షెడ్డు ఖాళీగా ఉంది. అందులో వడ్రంగులను పెట్టి, థియేటర్‌లో ఒక ముక్కను అసలు కొలతలకే ప్లైవుడ్‌తో కట్టించారు. వాలుగా దిగే నేల, నాలుగు వరుసలు, ఎదురుగా స్టేజీ. కుర్చీలు టెంట్ హౌస్ నుంచి వచ్చాయి. స్తంభానికి ఏం చేద్దామనుకుంటుంటే, పక్క మందుల ఫ్యాక్టరీల నుంచి పాత సామాను కొనేవాడి దగ్గర నీలం రంగు డ్రమ్ములు దొరికాయి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే అచ్చంగా ఓడ స్తంభమంత లావు, షెడ్డు కప్పంత ఎత్తు. మందుల వాసన మాత్రం వదల్లేదు. నాచారంలో ఆ వాసనను పట్టించుకునేవాళ్లెవరూ లేరు లెండి.

కూర్చునే మనుషులు పక్కింటివాళ్లే. గోడ అవతల మాత్రల ప్యాకింగ్ యూనిట్‌లో పనిచేసే ఆడవాళ్లు, శనివారం మధ్యాహ్నం డ్యూటీ దిగగానే రావడానికి ఒప్పుకున్నారు. వాళ్ల పెద్ద కౌసల్యమ్మ. జనగామ దిక్కు నుంచి వచ్చి చాలాకాలమైంది, అన్నోజిగూడలో ఉంటుంది, ఆ యూనిట్‌లో ఆమె మాటంటే మాటే.

వాళ్లకు ముందే సంగతంతా చెప్పి ఉంచుదామా అని ఆఫీసు కుర్రాడు నరేన్ అడిగాడు. అమూల్య వద్దంది. నేర్పించి చెప్పించిన మాటకు విలువేముంది, పరీక్ష పరీక్షలాగే ఉండాలని ఆమె పంతం. సొంత తండ్రి దగ్గరే అంత అనుభవం అయిన మనిషి జరగబోయేది ముందే పసిగట్టొద్దా? పసిగట్టలేదు. చదువుకున్న మనిషి కదా, మనుషులను అడిగితే ఉన్నది చెబుతారనుకుంది.

శనివారం షెడ్డు పెళ్లిపందిరిలా తయారైంది. దామోదర్ గుమ్మానికి మామిడాకులు కట్టించాడు. స్వాగతం అని తన ఫొటోతో ఫ్లెక్సీ వేయించాడు. వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఎదురెళ్లి, "రాండ్రి అమ్మా, కూసోండ్రి" అని దగ్గరుండి కూర్చోబెట్టాడు. సమోసాలు, ఉస్మానియా బిస్కెట్లు, చాయ్. వాళ్లు పొద్దంతా నిలబడి పనిచేసి వచ్చినవాళ్లు. ఎర్ర మఖమల్ గుడ్డ తొడిగిన కుర్చీల్లో కొంగులు సర్దుకుని, కొంచెం బిడియంగా, పేరంటానికి వచ్చినట్టు కూర్చున్నారు. సరిగ్గా డ్రమ్ముల వెనకాల వరుసలో కౌసల్యమ్మ.

స్టేజీ మీద ఎవరో ఒకరు కదలాలి కదా. నరేన్ ఫోన్‌లో డప్పుల మోత పెట్టుకుని నడిమధ్య నిలబడి తీన్‌మార్ అందుకున్నాడు. ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. షిప్‌యార్డ్ మేడమ్ వీడియోలోకి వచ్చింది. దామోదర్ ఫోన్ చేతిలో పట్టుకుని స్వయంగా ఒక్కొక్కరి ముందుకూ తీసుకెళ్లాడు. ఆవిడ ఇంగ్లిష్‌లో అడుగుతుంది, అమూల్య తెలుగులో అడగాలి, జవాబు ఇంగ్లిష్‌లో చెప్పాలి.

మొదట కౌసల్యమ్మ దగ్గరే ఆగారు. స్టేజీ మీది మనిషి పూర్తిగా కనబడుతున్నాడా అని షిప్‌యార్డ్ మేడమ్ అడిగింది. అమూల్య ఆ మాటే తెలుగులో అడిగింది.

"కనబడ్తున్నడు మేడమ్. మంచిగ కనబడ్తున్నడు," అంది కౌసల్యమ్మ నిండుగా నవ్వుతూ.

అమూల్యకు చెవులు పనిచేస్తున్నాయో లేదో తెలియలేదు. ఇంకోసారి అడిగింది. కాళ్లు, చేతులు, మొహం, అన్నీనా? అన్నీ, అంది కౌసల్యమ్మ. పక్కామె ఇంకో మెట్టెక్కి, ఇంట్లో టీవీల కన్నా సాఫ్‌గ కనబడుతున్నదని చెప్పింది. ఆ పక్కామె, కుర్చీ కూడా మస్తు మెత్తగుంది అని అడగనిదానికీ జవాబిచ్చింది. పెద్దామె కనబడుతున్నదన్నాక చిన్నవాళ్లు కాదంటారా? స్తంభం వెనకాల కూర్చున్న ప్రతి మనిషికీ నరేన్ శుభ్రంగా కనబడ్డాడు. ఒక్కొక్క 'కనబడ్తున్నడు'నూ అమూల్య తన నోటితోనే ఇంగ్లిష్‌లోకి మార్చి అవతలికి అందించాల్సి వచ్చింది. నెలల తరబడి పడిన పాటంతా తన నాలుకతో తానే తుడిచేసుకున్నట్టు అయింది ఆమెకు. ఎవరి మీద అరవాలో తెలియలేదు.

షిప్‌యార్డ్ మేడమ్ సంతోషించింది. అయితే ఇక సమస్య లేదన్నమాట, ఇంకో కాల్ ఉంది, అది చూసుకుని వచ్చి దీన్ని ముగించేద్దాం అని తెర మీద నుంచి తప్పుకుంది. దామోదర్ ముఖం మతాబులా వెలిగింది. అమూల్య భుజం తట్టి, "సూసినవా? ఊకెనే ఫికర్ జేసినవ్," అని, మిగిలిన సమోసాలు పంచడానికి పోయాడు.

ఆమె తిన్నగా కౌసల్యమ్మ దగ్గరికి పోయింది. 

"ఎందుకట్ల చెప్పినవ్ కౌసల్యమ్మా? ముంగట డ్రమ్ములున్నయ్ గద. నీకు కనబడ్తలేడు గద."

కౌసల్యమ్మ చాయ్ గ్లాసు కిందపెట్టింది. ఆమె ముఖంలో తప్పు చేసిన భావం ఏమీ లేదు, ఆశ్చర్యమే ఉంది.

"గట్లెట్లంటం మేడమ్? పిలిసి కుర్చేసి కూసోబెట్టిన్రు. చాయ్ పోసిన్రు. అవుతల గామె ఎవరో పెద్దామె అడుగుతున్నది. కనబడ్తలేదంటే మీ ఇజ్జత్ పోదా?" అని, కొంచెం ఆగి, "అయినా నేను అబద్ధం జెప్పలే. జర గిట్ల వంగితే కనబడ్డడు," అంది.

వంగి చూపించింది కూడా. అప్పుడు గుర్తొచ్చింది అమూల్యకు. వరుస వరుసంతా పక్కకు ఒరిగి కూర్చుని ఉంది ఇంతసేపూ. నరేన్ అటు గెంతితే అటు, ఇటు గెంతితే ఇటు. దామోదర్ ఫోన్‌ను ముఖాల దగ్గరగా పట్టుకున్నాడు కాబట్టి అవతలామెకు నవ్వు ముఖాలే కనబడ్డాయి, ఒరిగిన మెడలు కనబడలేదు.

"ఆట గంటన్నర ఉంటది. గంటన్నర అట్లనే వంగి కూసుంటవా?"

"అన్నోజిగూడ నుంచి బస్సుల నిలబడే వస్త రోజు. కూసోని వంగుడు ఒక కష్టమా?"

 అమూల్య కోపం వచ్చిన దారినే వెనక్కి పోయి ఇంకెక్కడో గుచ్చుకుంది. ఈ ఆడవాళ్లను అనడానికి తనకు నోరెక్కడిది? పొద్దున పొద్దున దామోదర్ వచ్చి అంతా ఓకేనా అంటే ఓకే సార్ అంటున్నది ఎవరు? పళ్లెం మీద నాట్యం కనబడిందన్న నాన్న మాట విని ఇన్నేళ్లూ తలూపుతున్నది ఎవరు? మర్యాద కోసం ఒరిగి ఒరిగి ఒకరినొకరు చూసుకుని, బాగా కనబడుతున్నావంటే బాగా కనబడుతున్నావనుకునే జాతి మనది. 

ఇంతలో ఫోన్ మోగింది. షిప్‌యార్డ్ మేడమ్ వచ్చేసింది. దామోదర్ మెడలో టవల్ సర్దుకుని ఫోన్ ముందు నిలబడ్డాడు. ఆవిడ ధన్యవాదాలు చెప్పి, అలవాటుగా చివరి ప్రశ్న అడిగింది. సీట్లు ఇలాగే ఖాయం చేస్తున్నాను, మీ వైపు నుంచి ఏమైనా అభ్యంతరం ఉందా?

"నో ఇష్యూస్ మేడమ్. ఆల్ గుడ్," అన్నాడు దామోదర్.

"ఉంది," అంది అమూల్య.

ఇంగ్లిష్‌లోనే అంది. దామోదర్ తిరిగి చూశాడు. ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుంది, మర్యాదగా తీసుకుందో లాక్కుందో ఆమెకే తెలియదు. కౌసల్యమ్మను జర లేవమని, ఆ కుర్చీలో నడుం నిటారుగా పెట్టి కూర్చుంది. ఫోన్‌ను తన కళ్లకు ఎదురుగా, కళ్ల ఎత్తున పట్టుకుంది. నరేన్‌ను మళ్లీ ఆడమంది. డప్పులు మోగాయి. ఫోన్‌లో నీలం డ్రమ్ము కనబడింది. డ్రమ్ము మీద సగం చిరిగిన లేబుల్ కనబడింది. అప్పుడప్పుడు డ్రమ్ము అంచున నరేన్ ఎడమ చెయ్యి మెరిసి పోయింది.

"ఇంతసేపు మీరు నాకు ముఖాలు చూపించారు," అంది అవతలి గొంతు.

మా దగ్గర పిలిచి కూర్చోబెట్టిన వాళ్లను బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు, నేను అడిగిన ప్రశ్నే తప్పు అని అమూల్య వివరించింది. ఆవిడ శ్రద్ధగా విన్నది. విని, ఈ సీట్లకు స్టేజీ కనబడదని మీకు ఎప్పటి నుంచి తెలుసు అని అడిగింది. మీ ప్లాను మా దగ్గరికి వచ్చిన మొదటి రోజు నుంచీ, అంది అమూల్య.

"అయితే మార్చిలో ఎందుకు చెప్పలేదు? ప్లాను ఖాయం చేసే ముందు అభ్యంతరాలున్నాయా అని ఇలాగే అడిగాను. అప్పటికి ఓడకు ఉక్కు కోయలేదు. ముందున్న రెండు స్తంభాలైనా గోడ వైపు జరిపేవాళ్లం."

అమూల్యకు ఆ కాల్ గుర్తుంది. దామోదర్ నో ఇష్యూస్ మేడమ్, ఆల్ గుడ్ అన్నాడు. ఆమె పక్క కుర్చీలో పెన్సిల్ పట్టుకుని కూర్చుని తలూపింది. కొత్త పని, పెద్దవాళ్ల ముందు మొదటి రోజే కాదనడమెందుకనుకుంది. స్తంభాలు జరపొచ్చట! ఆర్నెల్లు కుర్చీల కోసం కొట్టుకు చచ్చింది, ఒక్క మాట అని ఉంటే స్తంభాలే జరిగేవట.

ఇప్పుడు స్తంభాలు కదలవు అంది షిప్‌యార్డ్ మేడమ్. ముందు వరుసల్లో ఇరవై సీట్లు తీసేయడానికి యజమానులతో తాను పోట్లాడుతుంది, ఈ వీడియో దానికి చాలు. బాల్కనీ కింద ఉన్న పద్నాలుగు మాత్రం ఉండిపోతాయి, వాటి గురించి అడగొద్దు. కొత్త డ్రాయింగు సోమవారానికి పంపాలి. ఫోన్ పెట్టేసే ముందు, మీ ఆఫీసు నుంచి ఇన్ని నెలల్లో కాల్‌లో నోరు తెరిచి చెప్పిన మొదటి అభ్యంతరం ఇదే అని కూడా అంది. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో తెలియలేదు.

ఆడవాళ్లు వెళ్లిపోయారు. పోతూ పోతూ కౌసల్యమ్మ అమూల్య చెయ్యి పట్టుకుని, "నా వల్ల ఏమన్న ఖరాబైందా మేడమ్?" అని అడిగింది. లేదని చెప్పబోయి అమూల్య ఆగింది. జర అయింది, కానీ నీ ఒక్కదాని వల్ల కాదు అంది. కౌసల్యమ్మ దాని గురించి ఆలోచిస్తూ గేటు దాటింది.

షెడ్డులో ఇద్దరే మిగిలారు. అమూల్య స్టేజీ నడిమధ్య వంగి, నరేన్ నిలబడాల్సిన చోటుకు అంటించిన టేపు పీకుతోంది. ఇరవై సీట్లు గెలిచింది. గెలిచిన సంతోషం మచ్చుకైనా లేదు, పద్నాలుగు సీట్లూ రెండు స్తంభాలూ కళ్ల ముందే నిలబడ్డాయి. ఆ పద్నాలుగింటిలో ఎవరో ఒక ముసలాయన, కూడబెట్టుకుని ఓడెక్కినవాడు, రాత్రి ఆట అయ్యాక పెళ్లాంతో బాగుందనే అంటాడు.

దామోదర్ కొంతసేపు మామిడాకుల దగ్గర తచ్చాడాడు. నలుగురి ముందు చేతిలోంచి ఫోన్ పోయిన మనిషి. అరుస్తాడనుకుంది, అరవలేదు. వచ్చి ఒక కుర్చీలో కూలబడ్డాడు. అలసటలో చూసుకోలేదు గానీ కూర్చున్నది డ్రమ్ముల వెనకాలే.

"ఏందమ్మా, నా మీద ఏమన్న కోపముందా?" అన్నాడు.

ఇది ఆయన రోజూ అడిగే అంతా ఓకేనాకు చుట్టమే. దీనికి అందరూ ఇచ్చే జవాబూ ఒకటుంది. అయ్యో, కోపమేంది సార్ అనాలి. ఆయన నవ్వాలి, ఇద్దరూ ఇంటికి పోవాలి. ఆ జవాబు ఆమె నాలుక చివరిదాకా వచ్చింది.

"ఉంది సార్," అంది అమూల్య.

 ఆయన ఆమె ముఖం చూద్దామని, ఆ ఆడవాళ్ల లాగే, డ్రమ్ముల పక్క నుంచి ఎడమకు వంగాడు.

"వంగొద్దు సార్. సక్కగ కూసోండ్రి," అంది ఆమె, టేపు ఉండ చేతిలో పట్టుకుని లేచి నిలబడుతూ. "ఇప్పుడు చెప్పండ్రి. నేను కనబడ్తున్ననా?"

దామోదర్ కుర్చీలో వెనక్కి జరిగి నిటారుగా కూర్చున్నాడు. కనబడ్తున్నవ్ అనబోయాడు, సగం మాట బయటికి వచ్చింది కూడా. ఎదురుగా నీలం డ్రమ్ములు, మందుల వాసన. ఆయన ఆ సగం మాటను వెనక్కి మింగి, ఎన్నడూ లేనిది, కాసేపు ఊరికే చూశాడు.

"కనబడ్తలేవమ్మా," అన్నాడు.